జూలై ఒకటో తారీకు

“మూడేళ్ళే గదేటి. ఎక్కడికి పోతాయి?” అన్నాడు మా ఆయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

నేను పంచలో కూర్చుని పత్తి ఏకుతున్నాను. ఒక కన్ను దూది మీద, ఒక కన్ను ఆయన కంచం మీద. మా పొందూరులో గింజ మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతాం. ఆ ఎముకకి పళ్ళు సన్నగా, దగ్గర దగ్గరగా, సూదిమొనల్లా ఉంటాయి. కొత్తగా పట్టిన పిల్ల వేళ్ళు కోసుకుపోవలసిందే. నావి పదేళ్ళప్పుడే కోసుకుపోయి మొద్దుబారాయి. ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, వడికిన నూలుని చుట్టలుగా చిలపలు కట్టడం నా పని. ఆ చిలపలు ఖాదీవాళ్ళకి అప్పజెప్పి సంతకం పెట్టి రావడం ఆయన పని. ఊళ్ళో అందరూ “మాస్టరుగారి నూలు బాగుంటాది” అంటారు. మాస్టరుగారు ఇరవై ఏళ్ళలో ఒక్క పోగు వడికిన పాపాన పోలేదు.

మాస్టరుగారంటే మా ఆయనే, నరసింగరావు. ఊరి ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మాస్టరు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డది మా ఒక్కగానొక్క కూతురు పద్మకుమారి. విజయనగరం హాస్టల్లో ఉండి పి.యు.సి. చదివి, ఫస్టు క్లాసులో పాసై వచ్చింది. ఆ మార్కుల కాగితం పట్టుకుని ఈయన ఊరంతా తిరిగాడు. అప్పుడు మాత్రం “నా కూతురు” అన్నాడు.

పి.యు.సి. అయిన పిల్లలు డాక్టరీకి పోవడానికి రెండు దారులున్నాయట. మొదటిది, బి.ఎస్సీ. మూడేళ్ళు చదివి, ఆ పట్టా పట్టుకుని మెడికల్ కాలేజీ గుమ్మం ఎక్కడం. రెండోది, పి.యు.సి. నుంచి నేరుగా పోవడం. దాన్ని ఇంటిగ్రేటెడ్ కోర్సంటారట. డిగ్రీలో చెప్పే ముక్క మొదట్లోనే కలిపి చెప్పేసి డాక్టరీలోకి దింపేస్తారు. మూడేళ్ళు మిగులుతాయి. పద్మ నాకిది చెబుతూ నేల మీద బొగ్గుతో రెండు గీతలు గీసింది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. విశాఖపట్నానికి దరఖాస్తు పెట్టింది కూడా.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు పొడుగు గీతే నచ్చింది. విజయనగరమంటే ఆదివారం ఆదివారం ఇంటికొస్తుంది. పొట్టి దారిలో మధ్యలో ఏదైనా అడ్డం పడితే చేతికేమీ రాదు, పొడుగు దారిలో బి.ఎస్సీ. అన్నా మిగులుతుంది. పద్మ కూడా ఈ మాటే అని గోళ్ళు కొరుక్కుంది. అలా నాలుగు రోజులు వడ్లు దంచుతూ, ఎసరు పెడుతూ, మా అత్త కాళ్ళు పడుతూ ఆ రెండు గీతలనీ తూచాను. అయిదో రోజు మా ఆడపడుచు వచ్చి, తన కొడుకు కొండబాబుకి పద్మని ఈ మాఘంలోనే చేసుకుంటామని పసుపు కుంకుమ పెట్టి వెళ్ళింది. ఆయన తలూపాడు. అప్పుడు నాకు తూకం తెలిసింది. మూడేళ్ళంటే ఆడదానికి మూడేళ్ళు కాదు. పెళ్ళయిన మొదటి మూడేళ్ళలో నాకేమేమి జరిగాయో నాకు తెలుసు. ఒక పన్ను ఊడింది, ఎడం చెవి మూసుకుపోయింది, బిడ్డ పుట్టింది, గర్భసంచి పోయింది.

ఆయన కంచం ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నం పద్మ చేతిలో ఉన్నది తిరిగొచ్చిన దరఖాస్తు. వయసు దగ్గర ఎర్రసిరాతో గీత కొట్టి పంపారు. డిసెంబరు ఆఖరికి పదిహేడు నిండాలట, స్కూలు రికార్డు ప్రకారం దీనికి పదహారున్నరే. వయసు తప్పుగా పడి ఉంటే, పుట్టిన చోటి కాగితం, దానికి తోడు మేజిస్ట్రేటు ముందు తల్లో తండ్రో ప్రమాణం చేసిన కాగితం, రెండూ పది రోజుల్లో పంపమన్నారు.

“వయసు సాల్లేదంటే మంచిదే గదా. బి.ఎస్సీ.లో సేరు,” అన్నాడాయన. “ఈలోగా పెళ్ళి అయిపోతాది. కొండబాబు సదివిస్తానంటే సదువుకో. డాక్టరమ్మవి అవుతావో పిల్లల తల్లివి అవుతావో అప్పుడు సూసుకో.”

“దానికి పదిహేడు నిండి అయిదు నెల్లయింది,” అన్నాను.

ఆయన అప్పుడు తలెత్తాడు.

ఇక్కడ మా ఊరి సంగతొకటి చెప్పాలి. మా ఊళ్ళో ఆడపిల్లలందరూ జూలై ఒకటినే పుట్టారు. తల్లులు పిల్లల్ని బడికి తీసుకొచ్చి “సంకురాత్రికి ముందు పుట్టినాది బాబూ, గాలివాన ఏడు పుట్టినాది” అని చెబుతారు. మాస్టరుగారు విననే వినరు. జూలై ఒకటి అని రాసి, పెళ్ళికి కలిసొస్తుందని ఒక ఏడాది తగ్గించి పడేస్తారు. అదేదో మేలు చేసినట్టు తల్లులు దండం పెట్టి పోతారు. సొంత కూతురికీ అదే చేశాడు. రథసప్తమికి ముందురోజు శ్రీకాకుళం ఆసుపత్రిలో పుట్టిన పిల్లని, ఏడాదీ అయిదు నెలలు వెనక్కి నెట్టి, నేరుగా రెండో తరగతిలో కూర్చోబెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు.

“ఆసుపత్రిలో పుట్టినాది గదా. అక్కడి కాగితం సూపిస్తే సరి,” అన్నాను.

చెంబు నా మొహం మీదికి వచ్చింది. ఇత్తడి చెంబు, నీళ్ళతో నిండి ఉంది. అది తగిలి నా కనుబొమ చిట్లింది. నేను ఏకుతున్న దూది తడవకుండా బుట్ట పక్కకి జరుపుకున్నాను. చూశారా, అదీ నా బుద్ధి. నెత్తురు కారుతోంది, నేను బుట్ట జరుపుకుంటున్నాను.

“రికార్డు రాసింది ఎవుడే? నాను. తప్పు రాసినానని నానే ఒప్పుకోవాలేటి? ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆడపిల్లలకి రాసినానో తెలుసేటి నీకు? ఇన్‌స్పెక్టరు వొచ్చి పుస్తకం తిరగేస్తే నా ఉద్యోగం నువ్విస్తావేటి? తవుడు పోసి కొన్న ముండా, నువ్వు నాకు సెప్పొచ్చినావు.”

నా పేరు తవిటమ్మ. నాకు ముందు పుట్టినవాళ్ళు నలుగురు పోతే, నేను బతకాలని మా అమ్మ నన్ను పొరుగావిడకిచ్చి గిద్దెడు తవుడు పెట్టి తిరిగి కొనుక్కుంది. మా అమ్మ ఆ మాట నన్ను ఒళ్ళో పెట్టుకుని చెప్పేది. అదే మాటని ఈయన ఇరవై ఏళ్ళుగా నా మొహాన ఉమ్ముతున్నాడు. లోపలి గదిలోంచి మా అత్త దాలమ్మ “మగోడు తిండి కాడుంటే మాటలేటే” అంది. ఆయన చెయ్యి కడుక్కుని బడికి వెళ్ళిపోయాడు. మరో గంటకి మా వీధి వరకూ వినపడింది ఆయన గొంతు, పిల్లలకి ఎక్కాలు చెబుతూ.

మర్నాడు ఆయన బడికి వెళ్ళాక, వంట ముగించి రాట్నం పక్కకి వంచాను. అడుగుచెక్కకీ పీటకీ మధ్య సందులో పదిహేడేళ్ళుగా ఒక కాగితం ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా చేతిలో పెట్టింది. “పిల్ల పుట్టిన కాగితం. నీ దగ్గరే ఉంచుకో, ఎవ్వరికీ ఇవ్వకు,” అంది. ఎవ్వరికీ అని ఆవిడ ఎందుకు నొక్కి చెప్పిందో నాకప్పుడు తెలీదు. అది ఇంగ్లీషు. నాకప్పటికి తెలుగే రాదు. పద్మ రెండో తరగతికి వచ్చాక పలక మీద అది దిద్దుతుంటే చూసి నాలుగక్షరాలు నేర్చుకున్నాను.

పద్మ విప్పి చదివింది. “పన్నెండో తారీకు, ఫిబ్రవరి, యాభై ఒకటి. ఆడపిల్ల. నెలలు నిండని కాన్పు.” మొహం వెలిగింది. “సాలమ్మా, ఇది సాలు.” తర్వాత కింది వరసల మీద దాని వేలు ఆగిపోయింది.

“ఏటి రాసుందే?”

“భర్త పొట్ట మీద తన్నడం వల్ల నెత్తురు పోతుంటే తీసుకొచ్చినారు. తల్లి పేనం కోసం గర్భసంచి తీసేసినాం. అలాగని రాసుంది.” అది నన్ను చూడలేదు. “నూతికాడ జారి పడ్డానని సెప్పినావు గదమ్మా.”

జారి పడ్డాననే చెప్పాను. చెప్పమన్నది మా అత్త, బండిలో, శ్రీకాకుళం చేరేదాకా నా చెయ్యి గిచ్చి గిచ్చి చెప్పింది. ఊరందరికీ అదే చెప్పాను. పద్మకీ అదే చెప్పాను. దానికి అయిదారేళ్ళప్పుడు పెరట్లోకి వెళ్ళి ఆ నూతి గట్టుని కాలితో తన్నేది. “మా అమ్మని పడేసినావు, మా అమ్మని పడేసినావు” అంటూ బొటనవేలు నెత్తురు కారేదాకా తన్నేది. నేను వంటింట్లోంచి చూస్తూ ఊరుకునేదాన్ని. ఆయనా చూసేవాడు, నవ్వేవాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా అత్తని బయటికి పంపి తలుపు వేసింది. “కాలు జారితే ఇక్కడింత దెబ్బ తగలదమ్మా. నాతో చెప్పు,” అంది. చెప్పేశాను. చచ్చిపోతున్నాననుకున్నాను, అందుకని చెప్పేశాను. చెప్పిన మాట గాలిలో కలిసిపోయిందనుకున్నాను గాని, ఆవిడ రాసి పెట్టిందనుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట మీద కూర్చునే నేను ఆయనకి పేరు తెచ్చిన నూలంతా వడికాను.

“ఎందుకు తన్నినాడు?” అని అడిగింది పద్మ.

“ఊళ్ళో పిల్లలందరికీ సెప్తారు గదా, నాకో నాలుగచ్చరాలు సెప్తే అరిగిపోతారా అన్నాను. మీ మామ్మ నవ్వినాది. తల్లి నవ్వినాదని ఆయనకి కోపమొచ్చినాది.”

పద్మ కాగితం మడత పెట్టింది. “వద్దమ్మా. నాను బి.ఎస్సీ.లో సేరిపోతాను. ఇది బయటికి తీస్తే నిన్ను సంపీస్తాడు.”

దాని మొహం చూశాను. పదిహేడేళ్ళ పిల్ల, నా కనుబొమ మీది కట్టు చూస్తూ, నన్ను బతికించడానికి తన డాక్టరీ వదిలేసుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు. ఈ ఇంట్లో ఆడవాళ్ళం ఒకరినొకరు కాపాడుకోవడానికి ఏమేమి వదిలేసుకున్నామో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

అప్పుడే ఆయన మధ్యాహ్నం తిండికి వచ్చాడు. పద్మ కాగితం వెనక్కి దాచింది. దాచే చెయ్యిని ఆయన ఎప్పుడూ చూస్తాడు, బడిలో అలవాటు. లాక్కుని చదివాడు. మొహంలో రంగు పోయింది. ఇరవై ఏళ్ళలో ఆయన భయపడడం నేను మొదటిసారి చూశాను. పొయ్యి వైపు నడిచాడు. పద్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. దాని జడ చుట్టుకుని తల గోడకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. దాన్ని ఆయన కొట్టడం అదే మొదలు. గోడ సున్నం రాలింది. ఇంకో చేత్తో కాగితాన్ని పొయ్యిలో పెట్టబోతున్నాడు.

నా చేతిలో వాలుగ దవడ ఉంది. ఎప్పుడు తీశానో తెలీదు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి వేళ్ళదాకా దువ్వేశాను. పదేళ్ళప్పటి నుంచి వచ్చిన పనితనం. గింజని ఎంత నొక్కాలో, దూదిని ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి నాది. తోలు లేచి వచ్చింది. కేక పెట్టి కాగితం వదిలేశాడు. మళ్ళీ దువ్వాను. అవసరం లేదు, అయినా దువ్వాను. ఈసారి బాగుందనిపించింది. ఆ మాట దాచను. మరొకసారి చెయ్యెత్తాను కూడా, పద్మ “అమ్మా” అనకపోతే.

ఆయన చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. బుట్టలోని దూది ఎర్రబడిపోయింది. మా అత్త గుమ్మంలో నిలబడి “మొగుణ్ణి సంపీస్తన్నాది, రండర్రా” అని వీధిలోకి అరిచింది. పొయ్యి అంచున పడ్డ కాగితం మూల కాలింది. పద్మ దాన్ని అరచేత్తో ఆర్పింది. తారీకూ ఉంది, కింది వరసలూ ఉన్నాయి.

నేను దవడని కొంగులో చుట్టుకున్నాను. చెప్పులు కూడా వేసుకోలేదు. ఇద్దరం బస్సు దగ్గరికి నడిచాం. దాని నుదురు బొప్పి కట్టింది, నా కనుబొమ వాచింది. వీధి అరుగుల మీద రాట్నాలన్నీ ఆగాయి. ఎవరూ ఏమిటని అడగలేదు. అడిగితే వాళ్ళ ఇళ్ళలో సంగతులు కూడా చెప్పాల్సి వస్తుందని కాబోలు.

శ్రీకాకుళంలో కోర్టు ఎదురుగా చెట్టు కింద దస్తావేజులు రాసే ముసలాయన మా మాటలు విని ప్రమాణపత్రం రాశాడు. ఆసుపత్రి కాగితంలో ఏముందో అదంతా ఎక్కించాడు. మేజిస్ట్రేటుగారు పిలిచేసరికి సాయంత్రం నాలుగు దాటింది. నేను లోపలికి వెళ్ళి నిలబడ్డానో లేదో, వెనక తలుపు దగ్గర మా ఆయన కనిపించాడు. తర్వాతి బస్సు పట్టుకుని వచ్చాడు. కుడిచేతికి తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉంది. నేను వడికిన నూలుదే.

మేజిస్ట్రేటుగారు పెద్దవయసాయన, మంచి మనిషిలాగే ఉన్నాడు. కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. నా వంక చూశాడు, పద్మ నుదురు చూశాడు, తలుపు దగ్గర మా ఆయన చేతి కట్టు చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమయ్యే గొంతు తగ్గించాడు.

“చూడమ్మా. పిల్ల పుట్టిన తేదీ రుజువు కావాలి, అంతేగా. ఆ తేదీకి ఈ ఆసుపత్రి కాగితం చాలు. ఈ తన్నడం సంగతి ప్రమాణంలో ఎందుకు? మీ ఆయన బళ్ళో మాస్టరంటున్నారు. నలుగురిలో పరువు ఉంటుంది. ఆ వాక్యం కొట్టేయించి తేదీ ఒక్కటే రాయిస్తాను. పిల్ల పని అయిపోతుంది, నీ సంసారమూ నిలుస్తుంది.”

మా ఆయన రెండడుగులు ముందుకొచ్చాడు. “అలాగే బాబూ. తేదీ మార్సీయండి. రికార్డు తప్పని నాను కూడా సెప్తాను. ఇశాకపట్నం ఎల్లనివ్వండి, ఆ పొట్టి కోర్సులోనే సేరనివ్వండి. కొండబాబు సంగతి నాను సూసుకుంటాను. ఆ ముక్క ఒక్కటీ తీసీయండి.”

నిన్న ఇత్తడి చెంబుతో కొట్టి వద్దన్న డాక్టరీ ఈ రోజు అంత చవకగా ఇచ్చేస్తున్నాడు. ఉద్యోగం పోతుందని కూడా భయపడ్డం లేదు. ఆయనకి భయమల్లా ఆ ఒక్క ముక్కకే. నేను పదిహేడేళ్ళు నూతి మీద వేసిన నేరం తనని వెతుక్కుంటూ ఇంటికి రాకుండా ఉంటే చాలు.

పద్మ నా వంక చూస్తోంది. ఒప్పుకోమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. గుమస్తా కలం సిరాలో ముంచి, కొట్టెయ్యడానికి ఆ వరస మీద పెట్టి ఆగాడు. ఒప్పుకుంటే పద్మకి కావలసిందంతా వస్తుంది. ఒప్పుకుంటే రేపు మధ్యాహ్నం నేను మళ్ళీ పంచలో కూర్చుంటాను, ఒక కన్ను దూది మీద, ఒక కన్ను ఆయన కంచం మీద. ఎవరైనా చేతికి కట్టెందుకని అడిగితే, నూతికాడ జారి పడ్డానని ఈసారి ఆయన చెబుతాడు.

ఎడం చెవి వినపడదు గనక, మేజిస్ట్రేటుగారి వైపు కుడి చెవి తిప్పి నిలబడ్డాను.

“తేదీ ఒక్కటే రాస్తే నా కూతురికి సీటొస్తాది బాబూ,” అన్నాను. “మరి నాకేటొస్తాది? రెండూ రాయండి.”